నక్షత్రమును ఎవరు కుట్టిరి?

వార్షికోత్సవము వచ్చినదనగా పాఠశాలలలో చేతిపనుల ప్రదర్శనము తప్పక యుండును. బల్లలమీద పరచిన దిండు గలీబులను, చేతిరుమాళ్లను, అల్లికలను చూచి తలిదండ్రులు సంతసింతురు. ఆ సంతసమును చెరుపుట నా యుద్దేశము కాదు. కాని యొక ప్రశ్న యడుగక తప్పదు. వీనిలో బిడ్డలు కుట్టినవెన్ని? తల్లులు కుట్టినవెన్ని? వీధి చివరి దర్జీ కుట్టినవెన్ని?

నా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. ఆరవ తరగతి బాలురచేతను బాలికలచేతను ఒకే చిన్న పనిని, అనగా అతుకుల బొంతకు తగిన యొక నక్షత్రపు గడిని, తరగతిలోనే మొదటినుండి తుదివరకు కుట్టింపవలెను. అది వంకరగా వచ్చినను దానినే ప్రదర్శనమున నుంచవలెను.

బొంత మనకు క్రొత్తది కాదు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, ఈ అంచునుండి ఆ అంచువరకు వరుసగా కుట్లు వేసి మన అమ్మమ్మలు బొంతలు కుట్టిరి. అమెరికా దేశపు స్త్రీలలో ప్రబలిన పద్ధతి కొంత వేరు. వారు చిన్న ముక్కలను లెక్క ప్రకారము కత్తిరించి, జతపరచి, చదరపు గడులుగా చేసి, ఆ గడులను కలిపి బొంతకు పైపొరను సిద్ధపరతురు. అట్టి గడులలో నక్షత్రములు పెక్కు విధములు. నాలుగు కొనలుగల ఫ్రెండ్‌షిప్ స్టార్, అనగా స్నేహ నక్షత్రము, క్రొత్తగా సూది పట్టినవారికి మిక్కిలి తగినది.

దానికి రెండు రంగుల నూలుగుడ్డ చాలును. గుడ్డను ముందే ఉతికి ఆరవేయవలెను. లేనిచో ఎరుపు కారి తెలుపును పాడుచేయును. నక్షత్రపు రంగులో 3½ అంగుళముల చదరము ఒకటి, నేపథ్యపు రంగులో అట్టివే నాలుగు కత్తిరింపవలెను. పిమ్మట ఒక్కొక్క రంగులో 3⅞ అంగుళముల చదరములు రెండేసి తీసికొని, వానిని ఐమూలగా కోసినచో, ఒక్కొక్క రంగున నాలుగేసి త్రికోణములు వచ్చును. రంగునకొక త్రికోణము చొప్పున జతపరచి పొడవైన భుజము వెంబడి కుట్టగా, సగమొక రంగు, సగమొక రంగుగల చదరములు నాలుగు సిద్ధమగును. నడుమ నక్షత్రపు చదరము, నాలుగు మూలల నేపథ్యపు చదరములు, నాలుగు ప్రక్కల ఈ రెండు రంగుల చదరములు. వీనిని గాలిమర రెక్కలవలె ఒకే దిక్కునకు తిరుగునట్లు అమర్చి, మూడు వరుసలుగా కుట్టి, వరుసలను కలిపినచో గడి ముగియును. కుట్టులన్నిటికి పావు అంగుళము గుడ్డ లోపలికి పోవలెను. చేతితో కుట్టువారు నాలుగైదు కుట్లకొకసారి సూదిని వెనుకకు త్రిప్పి ఒక కుట్టు వేసినచో దారము వదులుకాదు.

ఐమూలగా కోసిన అంచు విషయమున జాగ్రత్త యవసరము. పడుగు వెంబడి గాని పేక వెంబడి గాని గుడ్డ అంతగా సాగదు. ఐమూలను పట్టి లాగినచో రబ్బరువలె సాగును. కాబట్టి ఇస్త్రీ పెట్టెను అటునిటు ఈడ్వక, ఎత్తి మోపవలెను. చీర కుచ్చిళ్లు దిద్దినట్లు దిద్దినచో నక్షత్రము వాలిపోవును.

గణితోపాధ్యాయులు ఈ గడిని నా కంటె మిన్నగా వాడుకొనగలరు. 3⅞ ఎందులకు? పూర్తియైన చదరము 3 అంగుళములే గదా! మామూలు చదరమునకు ఇరుప్రక్కల పావేసి, అనగా అర అంగుళము కలిపిన చాలును. త్రికోణమునకు వాడికొన యుండుటచేత అది చాలదు. పావు అంగుళమును 2+√2 చేత గుణింపవలెను, 0.854 వచ్చును. దానికి దగ్గరి సులభ భిన్నమే ⅞. కర్ణ సిద్ధాంతము పరీక్ష కొఱకే పుట్టినదనుకొను బాలునికి ఈ గుడ్డముక్క జవాబు చెప్పును.

తప్పునకు దొరకు శిక్షయు లెక్కప్రకారమే యుండును. కుట్టు పదునారవ వంతు అంగుళము లోనికి జరిగినచో రెండు ముక్కలును అంత తరుగును. గడికి అడ్డముగా రెండు కుట్లు గనుక పావు అంగుళము పోవును. ఆరు గడులు ప్రక్కప్రక్కన చేర్చునప్పటికి, వాని నడుమ కుట్ల మాట యటుంచినను, అంగుళమున్నర లోటు. ఉపాధ్యాయుడు గద్దింప నక్కరలేదు. నక్షత్రపు కొన తెగి తానే చూపును.

దర్జీ కుట్టి యిచ్చినచో ఈ పాఠమంతయు దర్జీకే చెందును. ఒక ప్రదర్శనమున బహుమానము పొందిన పరుపుదుప్పటి ప్రక్కన నిలిచియున్న బాలికను, ఇందు మొదట కుట్టినదేదమ్మా అని యడిగితిని. ఆమె తల్లి ముఖము చూచెను. ఆ బిడ్డ తలవంచుకొనుట నాకు నేటికిని కష్టముగానే యున్నది. ఎందుకనగా దోషము ఆమెది కాదు.

ఈ తెగులు మనదేశమునకే పరిమితము కాదు. 1933లో షికాగో నగరపు ప్రపంచ ప్రదర్శనమును పురస్కరించుకొని సియర్స్ కంపెనీ జరిపిన పోటీకి 24,000లకు పైగా బొంతలు వచ్చెను. ప్రథమ బహుమానమైన 1,000 డాలర్లు కెంటకీ రాష్ట్రపు మార్గరెట్ కేడెన్ పంపిన నక్షత్రపు బొంతకు లభించెను. ఆమె దానిలో ఒక్క కుట్టైనను వేయలేదనియు, కూలికి కుదిరిన స్త్రీలు కుట్టిరనియు తరువాత తెలియవచ్చెను. బహుమానములో వారికి భాగము రాలేదు. ఆర్థిక మాంద్యపు దినములలో పని పోవునేమోయని వారు నోరు మెదపలేదు. ఆ బొంత అందమైనదే. కుట్టినవారి చేతులు గొప్పవే. పేరు మాత్రము మరియొకరిది.

"మా వానికి కుట్టుపని యెందుకండి?" అని కొందరు తండ్రులందురు. చొక్కాలు కుట్టు దర్జీలలో పురుషులు పెక్కుమంది గదా! "మార్కులు తగ్గును" అను మాటకు మాత్రము బలము కలదు. వంకర నక్షత్రమునకు మార్కులు కోసి, దర్జీ పనికి పూర్తి మార్కులు వేయునంతకాలము ఏ తల్లియైనను దర్జీయొద్దకే పోవును. తల్లులను తప్పుపట్టుటకు ముందు మనము మార్కులు వేయు తీరును మార్చవలెను.

నేను కోరునది స్వల్పమే. నక్షత్రములను బల్లమీద పరచక త్రాటికి వ్రేలాడదీయుడు; చూడవచ్చినవారు వెనుక వైపును త్రిప్పి చూడవచ్చును. బాలురు కుట్టిన ముడులు, విప్పి మరల కుట్టిన జాడలు అచ్చటనే కనబడును. మార్కులలో సగము ఆ వైపునకే వేయుడు. తలిదండ్రులు పంపవలసినది ఉతికిన పాత నూలుగుడ్డ జానెడు మాత్రమే. దానిని కత్తిరించి పంపవలదు.