జీఎస్టీ: నష్టానికి పూచీ ఎవరు?

జీఎస్టీ యూపీఏ హయాంలో ఎందుకు రాలేదు, ఎన్డీఏ హయాంలో ఎలా వచ్చింది అన్న చర్చ రేగినప్పుడల్లా వాదన పార్టీల చుట్టూ, రేట్ల చుట్టూ తిరుగుతుంది. అసలు పేచీ అక్కడ లేదు. సొంతంగా పన్ను వేసుకునే హక్కును వదులుకున్నాక ఖజానాకు గండి పడితే పూచీ ఎవరన్నదే మొదటి నుంచీ రాష్ట్రాల ప్రశ్న.

పాత పద్ధతి బాగుందని ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ గేటు దాటితే కేంద్రానికి ఎక్సైజ్‌ సుంకం, కొట్లో అమ్మితే రాష్ట్రానికి వ్యాట్‌. వ్యాపారి లాభం సంగతి పక్కనపెట్టినా, 100 రూపాయల సరుకు 12.5 శాతం ఎక్సైజ్‌తో 112.50 అయ్యేది. దాని మీద 14.5 శాతం వ్యాట్‌ పడితే మరో 16.31. అందులో 1.81 రూపాయలు పన్ను మీద పడిన పన్నే. సరుకు రాష్ట్రం దాటితే కేంద్ర అమ్మకం పన్ను అదనం. తడ దగ్గర భీములవారిపాలెం చెక్‌పోస్టులో బిల్లులు చేతబట్టుకుని లారీవాళ్లు పడిగాపులు కాయడం మామూలే.

వీటి స్థానంలో ఒకే పన్నుగా జీఎస్టీ తెచ్చేందుకు 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం 2010 ఏప్రిల్‌ 1కి ముహూర్తం పెట్టారు. అది తప్పిపోవడానికి ఒక పాత బాకీ కూడా కారణం. జీఎస్టీకి దారి సుగమం చేయడానికంటూ కేంద్ర అమ్మకం పన్నును 2007లో 4 నుంచి 3 శాతానికి, మరుసటి ఏడాది 2 శాతానికి తగ్గించారు. నష్టం భర్తీ చేస్తామన్న కేంద్రం తర్వాత బకాయిలు పెట్టింది. ఒకసారి చెయ్యి కాలిన రాష్ట్రాలు మళ్లీ వట్టి మాటను నమ్ముతాయా? పైగా కొత్త పన్ను సరుకు తయారైన చోటికి కాక వాడిన చోటికి వెళ్తుంది. అందుకే పరిశ్రమలున్న తమిళనాడు, గుజరాత్‌ గట్టిగా అడ్డుపడ్డాయి. అప్పట్లో గుజరాత్‌ ముఖ్యమంత్రి మోదీయేనన్నది ఇప్పుడు ఎవరూ పెద్దగా గుర్తుచేసుకోరు.

చివరికి తాళం తీసింది చట్టబద్ధమైన హామీయే. 2015-16 ఆదాయం మీద ఏటా 14 శాతం పెరుగుదల లెక్కగట్టి, తగ్గినంత మేర 5 ఏళ్లు కేంద్రం భర్తీ చేయాలి. ఉదారమైన లెక్కే, అంతకు తగ్గితే రాష్ట్రాలు దిగివచ్చేవి కావు. ఎందుకంటే పన్ను రేట్లను తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, తీర్మానం నెగ్గాలంటే ముప్పాతిక మెజారిటీ కావాలి. కేంద్రం కాదంటే రాష్ట్రాలన్నీ ఒక్కమాట మీదున్నా ఏ తీర్మానమూ గట్టెక్కదు. 2017 జూలై 1న పన్ను అమల్లోకి వచ్చింది, చెక్‌పోస్టులు పోయాయి.

హామీకి అసలు పరీక్ష 2020లో ఎదురైంది. కరోనాతో వసూళ్లు పడిపోయాయి. మీరే అప్పు తెచ్చుకోండని కేంద్రం మొదట చేతులెత్తేసి, గొడవయ్యాక తానే తెచ్చి ఇచ్చింది: ఆ ఏడాది 1.10 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు. తీర్చింది మాత్రం కొనుగోలుదారులే. రాష్ట్రాలకు పరిహారం ఇచ్చేందుకు కొన్ని సరుకుల మీద వేసిన, 2022 జూన్‌తో ముగియాల్సిన సెస్సును ఆ అప్పు కోసమే 2026 మార్చి దాకా పొడిగించారు.

2025 సెప్టెంబరు 22 నుంచి శ్లాబులు ప్రధానంగా 5, 18 శాతాలకు కుదించారు. విలాస వస్తువుల లాంటివాటికి 40 శాతం. జనానికి ఊరటే. అయితే ఈసారి పూచీకత్తు లేదు. 5 ఏళ్లపాటు నష్టపరిహారం కావాలని కోరిన 8 రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఎన్డీఏ పాలనలోని ఆంధ్రప్రదేశ్‌ మార్పును స్వాగతించింది. రెండింటికీ రాబడి అవసరం ఒకటే, ఢిల్లీతో రాజకీయం వేరు.

ఇక పెట్రోలు, డీజిలు, మద్యం నేటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి. కౌన్సిల్‌ను అడగకుండా రేటు పెంచుకోగలిగిన పెద్ద వనరులు రాష్ట్రాలకు మిగిలినవి ప్రధానంగా ఇవే. పెట్రోలును కూడా కలపాలని ప్రతిపక్షంలో ఉండగా అడిగే పార్టీలు అధికారంలోకి రాగానే ఆ ఊసెత్తకపోవడం ఇందుకే.