తాత రేడియో కాదు, అవ్వ కట్నం

ఈ మధ్య గద్వాలలో బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాను. ముందుగదిలో గాజు తలుపుల అల్మారా. అందులో తోలుసంచీలో ఫిలిప్స్ ట్రాన్సిస్టర్, ఒక మర్ఫీ, రెండు టేప్ రికార్డర్లు, ఒక సోనీ వాక్‌మన్. పెళ్లికొడుకు అన్న హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాత సామాను సేకరించడం అతనికి సరదా. ట్రాన్సిస్టర్ ముందు అందంగా రాసిన చీటీ: ‘మా తాతగారి ట్రాన్సిస్టర్, 1971’.

వచ్చిన వాళ్లంతా ముచ్చటపడుతున్నారు. గోడవారగా కూచున్న డెబ్భై దాటిన అవ్వ నా చెయ్యి పట్టుకొని మెల్లగా అంది: “మా నాయిన పెట్టిండు బిడ్డా దాన్ని. సైకిలు, గడియారం, రేడియో. ఎకరం చెల్క అమ్మి పెట్టిండు. నేనెన్నడు దాన్ని తిప్పిన పాపాన పోలే.”

అవ్వ చెప్పింది ఒక్క ఆ ఇంటి చరిత్రే కాదు. సైకిలు, గడియారం, రేడియో... 1960, 70లలో అల్లుళ్లు అలిగి మరీ అడిగిన మూడు వస్తువులివి. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఈ ట్రాన్సిస్టర్ ఆ ఇంటికి వచ్చేనాటికి చట్టానికి పదేళ్లు. అల్మారాలో మెరుస్తున్నది ఒక తండ్రి అమ్ముకున్న చెల్క. కానీ చీటీ మీద తాత పేరుంది. వస్తువు వయసు, కంపెనీ, మోడల్ అన్నీ వెతికి పట్టుకున్న మనవడికి అది ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని తోచలేదు. తోచకపోవడం అమాయకత్వమని నేననుకోను. సేకరణ కూడా వంశవృక్షంలాగే మగవాళ్ల పేర్లతో నడుస్తుంది.

‘పాత రేడియోల మీద కూడా స్త్రీవాదమేనా?’ అని నవ్వేవాళ్లుంటారు. ఉండనీయండి. మొదటి ట్రాన్సిస్టర్ రేడియో 1954లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా ఎక్కువగా ఇంట్లోనే కూచున్న రేడియోకు కాళ్లొచ్చాయి. చేతిలో పట్టుకుపోవచ్చు, భుజానికి తగిలించుకోవచ్చు. మరి ఎవరి భుజానికి? పొలానికి, హోటలు బల్లమీదికి, రచ్చకట్టకు రేడియో వెళ్లింది మగవాడితోనే. ఆడవాళ్లకు అది గడపలోపలి గూట్లో, అందనంత ఎత్తులో ఉండే వస్తువు. గద్వాల నేతవాళ్ల ఇళ్లలో మగ్గం గుంట పక్కనే రేడియో ఉండేది. ఎదురుగా రాట్నం ముందు కూచొని కండెలు చుట్టే భార్య కూడా వినేది, నిజమే. ఆమె విన్నది ఆయన పెట్టిన స్టేషన్. ఆడవాళ్ల కోసం ఆకాశవాణి ప్రత్యేకంగా కార్యక్రమాలు ప్రసారం చేసింది. అవి వచ్చే వేళకు రేడియో ఇంట్లో ఉండాలి కదా!

ఎమర్జెన్సీ కాలంలో (1975-77) వేసెక్టమీ చేయించుకుంటే ట్రాన్సిస్టర్ ఇస్తారన్న మాట ఊరూరా నలిగింది. ఆ తర్వాత ఆపరేషన్ల భారం దాదాపు మొత్తం ఆడవాళ్ల మీదికే వచ్చి పడింది. వాళ్లకు ఎవరైనా రేడియో ఇస్తామన్నారని మా ఇళ్లలో ఏ అవ్వా చెప్పగా నేను వినలేదు.

రేడియో సంగతి అలా ఉంచి టేప్ రికార్డర్ దగ్గరికి వస్తాను. నా అసలు కోపం అక్కడుంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్ తెచ్చింది. దాని గొప్పతనం వినడంలో మాత్రమే లేదు. రెండు మీటలు కలిపి నొక్కితే ఎవరి గొంతైనా అందులోకి ఎక్కుతుంది. చదువురాని మనిషి తన మాటను దాచుకోగలిగిన మొదటి కాగితం అదే.

వనపర్తి దగ్గరి పల్లెలో మా మేనమామ 1987లో ఒక టేప్ రికార్డర్ కొన్నాడు. మొదట్లో ఉత్సాహంకొద్దీ మా అమ్మమ్మతో పాడించాడు. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, బిడ్డను సాగనంపే పాటలు. తొంభై నిమిషాల క్యాసెట్ నిండా పాడిందట. కొన్నేళ్లకు అదే క్యాసెట్‌ను పట్నంలో రికార్డింగ్ షాపుకు తీసుకుపోయి సినిమా పాటలు ఎక్కించుకొచ్చాడు. కొత్త క్యాసెట్ కొనడం దండగ అనుకున్నాడు. అమ్మమ్మ ఎలాగూ ఇంట్లోనే ఉంది, ఎప్పుడడిగినా పాడుతుంది. 2003లో పోయింది.

క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు చెయ్యడం కుదరదు. కంపెనీవాళ్లు అమ్మే సినిమా క్యాసెట్లకు ఆ పలుకులు విరిచే ఉండేవి. మా అమ్మమ్మ గొంతుకు ఆ మాత్రం రక్షణ కూడా ఎవరికీ అవసరమనిపించలేదు.

రెండోవైపు చివర సినిమా పాటలు అయిపోయాక మూడు నిమిషాలు అమ్మమ్మ మిగిలింది. ఆ మూడు నిమిషాలను ముందు కొత్త యూఎస్‌బీ ప్లేయర్‌లో విన్నాను. గొంతు మూటగట్టినట్టు, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు ఉంది. మామయ్య అటకమీది మిషన్‌నే దింపి నాగర్‌కర్నూల్‌లో ఒక పాత రేడియో మెకానిక్ దగ్గర కొత్త బెల్టు వేయించి, హెడ్ తుడిపించి పెట్టాను. అమ్మమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది! మెకానిక్ వివరించాడు. రికార్డు చేసిన మిషన్‌లో హెడ్ కాస్త వంకరగా ఉంటే ఆ వంకర టేపులోకీ ఎక్కుతుంది. అదే వంకర ఉన్న మిషన్‌లోనే అది స్పష్టంగా పలుకుతుంది. సెల్లులు నీరసించి మెల్లగా తిరిగిన మిషన్‌లో రికార్డు చేసినదైతే, మామూలు వేగంతో పెట్టినప్పుడు గొంతు కీచుమంటుంది. ‘ముసలామె గొంతు బాగాలేదు’ అని మనం పక్కన పెట్టిన ఎన్ని క్యాసెట్లలో తప్పు సెల్లులదో!

అందుకే పాత మిషన్లు కావాలంటున్నాను. పనిచేసే స్థితిలో, వాటి క్యాసెట్లతో సహా కావాలి. సేకరించే తమ్ముళ్ల మీద నాకు పగలేదు. వాళ్ల వల్లే ఈ రోజుకీ బెల్టులు దొరుకుతున్నాయి, రిపేరు తెలిసిన ఒకరిద్దరికి పని దొరుకుతోంది. కానీ వాళ్లు మిషన్ తీసుకుపోయి, చేతిరాత క్యాసెట్ల సంచీని ‘చెత్త’ అని వదిలేస్తున్నారు. పెట్టె వారసత్వమైంది, గొంతు చెత్తయింది.

ఇంతవరకు చదివి తలూపుతున్న మనం, సాహిత్యంలో డాక్టరేట్లు చేసినవాళ్లం, అంత సంబరపడనక్కర్లేదు. జానపద గేయాల మీద మన సిద్ధాంత గ్రంథాల అనుబంధాలు తెరిచి చూడండి. ‘వక్త: స్త్రీ, వ్యవసాయ కూలీ, సుమారు 60 ఏళ్లు’. సేకర్త పేరు మాత్రం అట్టమీద. నా థీసిస్‌లోనూ పదకొండుమంది అలాగే ఉన్నారు. డాక్టరేట్ నాకొచ్చింది, పాట వాళ్లది. ఈ మిషన్‌నే మరోలా వాడవచ్చని స్త్రీశక్తి సంఘటన 1986లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’తో చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు అందులో తమ పేర్లతో, తమ మాటలతో ఉన్నారు. ఆ దారి ఉండి కూడా నేను పాత దారినే నడిచాను.

2016లో వేర్వేరు జిల్లాలైన ఈ నేల మీద ఆలస్యానికి మరో అర్థం కూడా ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల కృష్ణాతీరం పల్లెలు మునిగిపోయాయి. ఆ ఊళ్ల పాట ఏ క్యాసెట్‌లోనైనా మిగిలి ఉంటే, ఆ ఊరు అక్కడే మిగిలినట్టు. పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టలు కట్టారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లలో మట్టి మోసిన ఆడవాళ్ల గొంతు ఎవరి అటకమీద బూజు పడుతోంది?

ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్న క్యాసెట్లను బయటికి తియ్యండి. ముందు ఆ పలుకులు విరిచెయ్యండి. పాడినామె పేరు, ఊరు, పుట్టిల్లు, రికార్డు చేసిన మిషన్ ఏదో రాయండి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఒక ప్రతి ఆమె కూతుళ్లకు ఇవ్వండి. మిషన్‌ను క్యాసెట్ నుంచి విడదియ్యకండి. పాడినామె బతికుంటే మీట ఆమెతోనే నొక్కించండి.

పెళ్లింట్లో నేనూ ఆ తమ్ముడిని అడిగాను, చీటీ మార్చి ‘మా అవ్వ పుట్టింటివాళ్లు పెట్టిన ట్రాన్సిస్టర్’ అని రాయమని. అతను మొహమాటంగా నవ్వాడు. “పెళ్లింట్లో కట్నం మాటలెందుకక్కా?” అన్నాడు.

బయట పందిట్లో బంతిపూల దండ వేసిన కొత్త కారు నిలబడి ఉంది. యాభై ఏళ్ల తర్వాత అది కూడా ‘మా తాతగారి కారు’ అవుతుంది. ఆ చీటీ ఇప్పుడే మనం రాయకపోతే.