ఎర్ర సముద్రంలో దాడులు.. విశాఖ సరుకుకు తిప్పలు: ‘సగం ఓడ, సగం విమానం’ దారి మనకు పనికొస్తుందా?

తగరపువలస దగ్గర గోస్తనీ వంతెన మీద లారీలు ఎప్పట్లాగే పోతున్నాయి. విశాఖ పోర్టులో సరుకు ఓడా ఎక్కుతోంది. కానీ ఆ సరుకు యూరప్ చేరేసరికి 10 నుంచి 14 రోజులు ఎక్కువ పడుతోంది.

కారణం తెలిసిందే. 2023 నవంబర్ 19న ఎర్ర సముద్రంలో ‘గెలాక్సీ లీడర్’ ఓడను హౌతీలు పట్టుకుపోయారు. ఆ తర్వాత వరుస దాడులు. 2024 మార్చి 6న ‘ట్రూ కాన్ఫిడెన్స్’ మీద దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. మిగిలిన 21 మందిని మన నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కోల్‌కతా కాపాడింది. దీంతో పెద్ద కంపెనీల ఓడలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నాయి.

ఎక్కడో గొడవైతే మనకేంటి అనుకోవద్దు. విశాఖ కంటెయినర్లు చాలావరకు కొలంబో లాంటి చోట్ల పెద్ద ఓడల్లోకి మారతాయి. ఆ పెద్ద ఓడ లేటైతే ఇక్కడ బుకింగ్ లేటు, ఖాళీ కంటెయినర్ తిరిగి రావడమూ లేటే.

అందుకే ఇప్పుడు ‘సీ-ఎయిర్’ మాట గట్టిగా వినిపిస్తోంది. సరుకును ఓడలో దుబాయ్ జెబెల్ అలీ పోర్టుకు పంపుతారు. అక్కణ్నుంచి లారీలో అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్టుకు, ఆపై విమానంలో యూరప్‌కు. ఆ పోర్టు ఉన్నది గల్ఫ్‌లో కాబట్టి ఎర్ర సముద్రం దాటే పనే లేదు. పూర్తిగా విమానంలో పంపడం కంటే చౌక, పూర్తిగా ఓడలో పంపడం కంటే త్వరగా చేరుతుంది. చిక్కల్లా ఒక్కటే.. అందరికీ ఒకేసారి ఇదే ఆలోచన వచ్చింది. విమానాల్లో చోటు దొరకడం కష్టమై రేటు పెరిగితే, ఆ చౌక కాస్తా కరిగిపోతుంది.

మరి మన రొయ్య సంగతి? దానికి ఈ దారి దాదాపు మూసినట్టే. మైనస్ 18 డిగ్రీల్లో టన్నుల లెక్కన పోయే సరుకది. కిలోకు వచ్చే ధరలో విమాన ఛార్జీ కడితే మిగిలేదేం ఉండదు. ఓడ తిరిగినన్ని రోజులు కంటెయినర్‌కు కరెంటు ఖర్చు, కొన్నవాడి డబ్బు కోసం ఎదురుచూపు తప్పవు. ఆ భారం చివరికి చెరువు గట్టు మీద ధరలో కనిపిస్తుంది.

పనికొచ్చేది మందులకు, సీజన్ దాటితే అమ్ముడుపోని బట్టలకు. తగరపువలసకు దగ్గర్లోని చిప్పాడలో దివీస్ ఉంది, అటు పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో బట్టల యూనిట్లు ఉన్నాయి. అయితే చల్లగా ఉంచాల్సిన మందుల విషయంలో ఓడ దిగి విమానం ఎక్కేలోపు గడిచే గంటలే అసలు గండం. ఎండలో కాసేపు ఆగినా సరుకు తిరస్కరించే ప్రమాదముంది.

నేరుగా విమానంలో పంపుదామంటే విశాఖ రన్‌వే నేవీది. వాళ్ల అవసరాలు తీరాకే పౌర విమానాలు. అందుకే అర్జెంటు సరుకు ఎక్కువగా 600 కిలోమీటర్ల అవతలున్న హైదరాబాద్‌కు రోడ్డెక్కుతోంది.

ఇక్కడే భోగాపురం గుర్తొస్తుంది. 2019లో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగిన ఎయిర్‌పోర్టు అది (రాయి మీద పేర్లు మారాయి, రన్‌వే అవసరం మారలేదు). అది పూర్తయితే పోర్టుకు, విమానానికి మధ్య దారి తగరపువలస మీదుగానే. కానీ రన్‌వే ఒక్కటే సరిపోదు. క్రమం తప్పకుండా వచ్చే పెద్ద విమానాలు, చల్లటి గోదాములు, అక్కడే కస్టమ్స్ తనిఖీ ఉండాలి. ఇవి లేకపోతే పక్కనే ఎయిర్‌పోర్టు ఉన్నా చిప్పాడ నుంచి మందుల లారీ హైదరాబాద్‌కే తిరుగుతుంది.