విడుదల కాని పాట ఎవరిది?

అమెరికన్ ర్యాప్ గాయకుడు లిల్ వేన్ ‘థా కార్టర్ ఫైవ్’ ఆల్బమ్ 2018 సెప్టెంబరు 28న వచ్చింది. అందులో చిట్టచివరి పాటలో ఆయన ఒక నిజం చెప్పాడు. పన్నెండేళ్ల వయసులో ఛాతీలో దిగిన తూటా చెయ్యి జారి పేలింది కాదని, చనిపోదామనే తాను పేల్చుకున్నానని. ర్యాప్ పాడటం ఇక కుదరదని తల్లి కట్టడి చేసిన రోజుల సంగతి అది. అంతకుముందు ఎక్కడో ఒకచోట సూచనగా అన్నాడేమో గానీ, చాలా ఏళ్లపాటు లోకం దాన్ని ప్రమాదమనే నమ్మింది. ఆ ఆల్బమ్ నిజానికి 2014 చివర్లో రావాల్సింది. విడుదల చేయాల్సిన క్యాష్ మనీ సంస్థ ఆపేసింది. ఆ సంస్థ అధిపతి బర్డ్‌మన్, వేన్‌ని చిన్నతనంలోనే చేరదీసి కన్నకొడుకులా చూసుకున్నాడని పేరున్న మనిషి. తనను బందీని చేశారని వేన్ బహిరంగంగా వాపోయాడు. 2015 జనవరిలో 5.1 కోట్ల డాలర్లకు దావా వేశాడు. 2018లో రాజీ కుదిరాకే ఆల్బమ్ బయటికొచ్చింది. ఆ చివరి పాటలోని మాటలు 2014 నాటికే రాసి పెట్టుకున్నవని చెప్పలేం. పాత చరణాన్ని 2018లోనే తిరగరాశాడని అప్పట్లో వార్తలొచ్చాయి. కానీ ఇరవై ఏళ్లకు పైగా గొంతులో అడ్డుపడిన మాటను బయటపెట్టే మనిషికి, పాట జనం దాకా వెళ్తుందన్న నమ్మకం ముందు కావాలి. దాదాపు నాలుగేళ్లు ఆ నమ్మకమే ఆయనకు లేదు.

పాటను కొనడం వేరు, కొని తొక్కిపెట్టడం వేరు. మొదటిది వ్యాపారం, దాన్ని తప్పుపట్టలేం. రెండోదానికి మాత్రం ఏ కంపెనీకీ హక్కు ఉండకూడదు. ర్యాప్‌లో అసలే ఉండకూడదు. ఎందుకంటే అక్కడ ముడిసరుకు పాడేవాడి బతుకే. సినిమా పాటలో నాయకుడి విరహం కవిది కాదు, గాయకుడిది కాదు. ర్యాప్‌లో ‘నేను’ అంటే పాడుతున్నవాడే. వాడి గల్లీ, వాడి అప్పు, వాడి అవమానం, వాడు ఇంట్లో కూడా చెప్పుకోలేని సంగతి. తెలుగువాళ్లకు ఇది విదేశీ వింతేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఏ నగ చేయించడానికి ఎంతయిందో రాముడికే లెక్క చెప్పి, నిష్ఠూరమాడి, దెబ్బల బాధకు నోరుజారానని మళ్లీ ఆ రాముణ్నే మన్నించమన్నాడు. సొంత గోడును అంత దాపరికం లేకుండా పాటలో పెట్టినవాళ్లు మన భాషలో అరుదు. గోల్కొండ పాలకుడు తానీషా ఆయన ఒంటిని బంధించగలిగాడు, కీర్తనల జోలికి వెళ్లలేకపోయాడు. ఇవాళ్టి ఒప్పంద పత్రం పాడేవాణ్ని వదిలేసి పాటను బంధిస్తుంది.

మన చట్టం ఈ ప్రమాదాన్ని కొంత పసిగట్టింది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాయించుకున్నవాడు ఏడాదిలోగా వాటిని వాడుకోకపోతే ఆ బదలాయింపు రద్దయినట్టే. ఎన్నేళ్లకు రాసిచ్చారో పత్రంలో లేకపోతే ఐదేళ్లకే అనుకోవాలి. 2012 సవరణ మరో మేలు చేసింది. సినిమాలో భాగం కాని పాట విషయంలోనూ, రాసినవాడూ బాణీ కట్టినవాడూ తమ రాయల్టీలో సమాన వాటాను కంపెనీకి వదులుకునే వీల్లేదు. వింటే భరోసాగానే ఉంటుంది. అయితే ఏడాది గడువు నిబంధన చివర ‘పత్రంలో మరోలా రాసుకుంటే తప్ప’ అన్న అర్థంలో ఒక తోక ఉంది. పత్రం తయారు చేసేది కంపెనీ వకీలు. ఆయన మరోలా రాయకుండా ఎందుకుంటాడు? పైగా రికార్డింగుకు పెట్టుబడి పెట్టి చేయించింది కంపెనీయే అయితే, చట్టం దృష్టిలో ఆ రికార్డింగుకు మొదటి యజమాని కంపెనీయే. బదలాయింపన్నదే లేనప్పుడు ఏడాది గడువు దేనికి వర్తిస్తుంది? పడకగదిలో మైకు పెట్టుకుని సొంత ఖర్చుతో రికార్డు చేసుకున్న కుర్రాడికి ఉన్న రక్షణ, కంపెనీ స్టూడియోలో పాడిన కుర్రాడికి లేదు.

పెట్టుబడి పెట్టినవాడికి సరుకు మీద పూర్తి అధికారం ఉండొద్దా అని అడిగేవాళ్లున్నారు. ఈ వాదన సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లో బలంగానే వినిపించాలి. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరున్న కాలనీ, ఆ సంస్థ ఉద్యోగులతో ఎదిగిన పేట. ఈసీ టీవీని రూపొందించిన ఇంజినీరు ఆ టీవీ నాదే అనలేదు, ఓటింగ్ యంత్రానికి సర్క్యూటు గీసినవాడు దాని మీద రాయల్టీ అడగలేదు. మరి ర్యాపరుకు ఏమిటీ ప్రత్యేకత? తేడా జీతం దగ్గరే మొదలవుతుంది. ఆ ఇంజినీరుకు నెల తిరిగేసరికి జీతం వచ్చింది, ప్రావిడెంట్ ఫండ్ జమయింది, తయారు చేసింది మార్కెట్లో ఆడినా ఆడకపోయినా అతని ఇల్లు గడిచింది. కళాకారుడికి కంపెనీ ఇచ్చేది మామూలుగా అడ్వాన్సు, అంటే అతని వాటాలోంచే తిరిగి మినహాయించుకునే అప్పు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు కూడా చాలా ఒప్పందాల్లో అతని ఖాతాకే ఎక్కుతాయి. పాట విడుదల కాకపోతే ఆ అప్పు తీరే దారే ఉండదు. ఇక రెండో తేడా. సర్క్యూటులో ఇంజినీరు నైపుణ్యం ఉంటుంది గానీ అతని తల్లీ, అతని గాయమూ ఉండవు. ఒక డిజైన్ అటకెక్కితే మరొకటి గీస్తాడు. బతుకు మరొకటి ఉండదు. నష్టాన్ని భరిస్తున్న కంపెనీకి లాభం దక్కాలి, నిజమే. కానీ బీరువాలో పెట్టిన పాటతో ఏ కంపెనీకీ లాభం రాదు. ఆ బీరువా తాళం బేరంలో పైచేయికే పనికొస్తుంది.

యూట్యూబ్ వచ్చాక కంపెనీలతో పనేముందన్నది మరో మాట. కొంత నిజం. రాహుల్ సిప్లిగంజ్ ‘నాటు నాటు’తో 2023 మార్చిలో ఆస్కార్ వేదికెక్కక ముందే ‘మంగమ్మ’ లాంటి సొంత పాటలతో యూట్యూబ్‌లో జనాన్ని సంపాదించుకున్నాడు. రోల్ రైడా కూడా తెలుగు ర్యాప్‌తో ఆ దారిలోనే పేరు తెచ్చుకున్నాడు. కానీ తెలుగులో పెద్ద శ్రోతల గుంపు ఇప్పటికీ సినిమా పాట చుట్టూనే ఉంది. ఆ గుమ్మంలోకి వెళ్లాలంటే ఆడియో కంపెనీల పరిచయం, ప్రచారం కావాలి. అందుకే కుర్రాళ్లు సంతకం పెడతారు. పెట్టాక అదే పాటను సొంత ఛానల్లో పెట్టుకున్నా యూట్యూబ్ కంటెంట్ ఐడీ యంత్రం గుర్తుపడుతుంది. ప్రకటనల డబ్బు కంపెనీకి మళ్లుతుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది. స్వేచ్ఛగా కనిపించే ఆ వేదికే సంతకం తర్వాత కాపలాదారు అవుతుంది.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం మన నేలదే. పాట జనానిది, దానికి సొంతదారేమిటని. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లినప్పుడు తెలుగు శ్రోతలు నొచ్చుకున్నది ఈ భావనతోనే. ఏ.ఎస్. రావు నగర్‌కు ఎంతో దూరం లేని అల్వాల్ ప్రాంతంలో బతికిన గద్దర్ తన పాటలను ఎవరైనా పాడుకోవాలనే కట్టాడు. 1997లో కాల్పులు జరిగాక ఒంట్లో మిగిలిన తూటాతోనే 2023 ఆగస్టులో కన్నుమూసే దాకా పాడుతూ వచ్చాడు. అలాంటి సంప్రదాయంలో హక్కుల మాట ఎత్తితే కొంత చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ గద్దర్ తన పాటను జనానికి ఇచ్చాడు, ఎవరూ ఆయన చేతిలోంచి లాక్కుని దాచలేదు. నేను అడుగుతున్నదీ అదే. పాట జనానిదే అయితే జనం దగ్గరికి వెళ్లకుండా దాన్ని ఆపే అధికారం మరీ ఎవరికీ ఉండకూడదు.

వేన్ కథలోనే ఒక చిక్కు ఉంది, దాటేయడం న్యాయం కాదు. అంత పోరాడిన మనిషే 2020లో తన యంగ్ మనీ సంస్థ రికార్డింగులను యూనివర్సల్‌కు 10 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మేశాడని వార్తలొచ్చాయి. మరి పోరాటం దేనికి? అమ్ముకునే స్థితికి చేరడానికే అనుకున్నా నాకు తప్పు కనిపించదు. విడుదలైన పాటకు, జనం విన్న పాటకు, తన ధర తాను చెప్పుకుని అమ్మాడు. ఆ అవకాశం అందరికీ దక్కదు. డి లా సోల్ అనే ర్యాప్ బృందం 1989లో చేసిన తొలి ఆల్బమ్, తర్వాతి రికార్డులూ, వాడిన పాత పాటల తునకల అనుమతుల చిక్కు వల్లా, టామీ బాయ్ సంస్థతో తగవు వల్లా ఏళ్ల తరబడి స్ట్రీమింగ్‌కు రాలేదు. హక్కులు చేతులు మారాక 2023 మార్చి 3న వచ్చాయి. ఆ బృందంలోని డేవ్ జోలికోర్ అంతకు దాదాపు మూడు వారాల ముందే, ఫిబ్రవరి 12న చనిపోయాడు.

మనం చేయగలిగింది పెద్ద విప్లవమేమీ కాదు. 19వ సెక్షన్‌లోని ఆ తోకను పార్లమెంటు తీసేయాలి. కంపెనీ డబ్బుతో చేసిన రికార్డింగుకూ గడువు పెట్టాలి. ఏడాదిలో విడుదల చేయకపోతే, పెట్టిన ఖర్చు తిరిగి చెల్లించి పాటను తీసుకెళ్లే హక్కు పాడినవాడికి ఉండాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు కూడా. హైదరాబాద్ ఆడియో కంపెనీలు ఈ ఒక్క వాక్యాన్ని తమ ఒప్పందాల్లో రేపే చేర్చుకోవచ్చు. పాటను నిజంగా విడుదల చేయాలనుకునే కంపెనీకి దానివల్ల పోయేదేమీ లేదు.