కొండదారిలో పాత సైకిలు

ఇంటిలో మూలబడిన పాత కొండసైకిలు టైడా కనుమకు పనికివచ్చునా యని ఒక సోదరి మమ్మడిగినది. ఎక్కుటకు నిస్సందేహముగా పనికివచ్చును. శృంగవరపుకోటనుండి టైడా మీదుగా అనంతగిరికి పోవు చఢావులో అది మమ్మెన్నడును విసిగింపలేదు. చిక్కంతయు పల్లమునకు వచ్చుటలో నున్నది.

1990 ప్రాంతపు ఫ్రేములలో ముందు ఫోర్కు నేలతో సుమారు 71 డిగ్రీల కోణమున నిటారుగా నుండును. ఇప్పటివానిలో 65 డిగ్రీలకు దగ్గరగా వాలియుండును. పాతవాని హేండిలు ఇరుకు. దానిని పట్టియుంచు స్టెమ్ 12, 13 సెంటీమీటర్ల పొడవు. అందుచే ఏటవాలున మన బరువు ముందుచక్రముపై బడును. టైడావద్ద మట్టిబాటలో మా చక్రమొక రాతికి తగిలి, మేము హేండిలు మీదుగా పల్టీకొట్టితిమి. మోచేతి గాయముకంటె వెనుక వచ్చుచున్న కోడలి నవ్వే మమ్మెక్కువ బాధించినది!

తప్పు సైకిలుది కాదు, సీటు దింపని మాది. పల్లము రాకముందే సీటును మూడు నాలుగంగుళములు దింపవలెను. పెడళ్లను సమముగా నుంచి, వానిపై నిలిచి, నడుమును వెనుకకు జరుపవలెను. ముందుబ్రేకును ఒక్కుమ్మడిగా నొక్కరాదు. రెండింటిని మెల్లగా నొక్కవలెను. రిమ్మును పట్టు బ్రేకులు తడిసినచో ఆలస్యముగా పట్టును గాన, వానలో సైకిలు దిగి నడిపించుకొని వచ్చుటయే మేలు. కుచ్చెళ్లు గొలుసున బడును గనుక ఆనాటికి చీర వలదు.

కొలత సరిచూచి ఏడు సెంటీమీటర్ల స్టెమ్ వేయించినచో బరువు కొంత వెనుకకు వచ్చును. మరీ పొట్టిదైనచో హేండిలు తత్తరపడును. క్రొత్తసైకిలు వెలముందు ఈ ఖర్చు స్వల్పము. మేము వేయించితిమి, ఇప్పుడు కోడలు ఆ సైకిలునే తనకిమ్మని యడుగుచున్నది.