తెల్ల మచ్చకు ముందు స్లైడ్, ఆ తర్వాతే క్రీమ్

భిలాయి నుంచి రాయ్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, ఖారున్ నది దాటడానికి ముందు వచ్చే పట్టణం కుమ్హారి. ఉక్కు కర్మాగారం పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఇక్కడ ఒంటి మీద ఒక తెల్ల మచ్చ కనిపిస్తే దానికి రెండు మూడు భాషల్లో పేర్లు పుడతాయి. తెలుగింట్లో శోభి అని సరిపెట్టుకుంటారు, లేదా బొల్లి అని భయపడతారు. పక్కింటివాళ్లు సేహువా అంటారు, లేదా గొంతు తగ్గించి కోఢ్ అంటారు. పేరు పెట్టడం అయ్యాక మందుల షాపులో ఒక క్రీమ్ కొంటారు. ఈ వరసలో జరగనిది ఒక్కటే, ఆ మచ్చలో అసలు ఏముందో చూడటం.

ఆ చూపు కోసం కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. కళాశాల ప్రయోగశాలల్లో, ఆరోగ్య కేంద్రాల్లో కనిపించే మామూలు మైక్రోస్కోప్, ఒక గాజు స్లైడ్, ఒకటి రెండు రసాయనాలు చాలు. వాటిని వాడే చేయి, చదివే కన్ను మాత్రం కరువవుతున్నాయి. ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రంలో ఈ కరువును చిన్న విషయంగా వదిలేయడం పొరపాటు.

ఒకే రంగు, వేర్వేరు కారణాలు

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసేవి మెలనోసైట్లు అనే కణాలు. ఇవి పైచర్మం అడుగు పొరలో ఉంటాయి. ఒక్కో మెలనోసైట్ తన సన్నని కొమ్మల ద్వారా చుట్టూ ఉన్న దాదాపు 36 కణాలకు మెలనిన్ రేణువులను పంచుతుంది. నల్లని చర్మంలోనూ తెల్లని చర్మంలోనూ ఈ కణాల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా ఆ రేణువుల పరిమాణంలో, అవి విడివిడిగా ఉన్నాయా గుంపులుగా ఉన్నాయా అన్నదానిలో ఉందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించింది. తెల్ల మచ్చ అంటే ఈ తయారీలోనో పంపిణీలోనో ఎక్కడో అంతరాయం కలిగిందని అర్థం. ఎక్కడ, ఎందుకు అన్నది పైకి కనిపించదు.

శోభిని తీసుకోండి. మలసీజియా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రం దీనికి కారణం. అది దాదాపు అందరి చర్మం మీదా ఉండేదే, ఉక్కపోత ఎక్కువైనప్పుడు విజృంభిస్తుంది. మచ్చ మీద పొట్టును స్లైడ్ అంచుతో మెల్లగా గీకి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి కాసేపు ఉంచితే చర్మపు కెరటిన్ కరిగి తేటపడుతుంది. అప్పుడు మైక్రోస్కోప్ కింద పొట్టి పోగులు, వాటి మధ్య గుండ్రటి కణాల గుత్తులు కనిపిస్తాయి. సేమ్యా పాయసంలో సగ్గుబియ్యం కలిసినట్టు ఉండే ఆ దృశ్యాన్ని ఒకసారి చూసినవారు మళ్లీ మరచిపోరు.

బొల్లిలో ఏ క్రిమీ ఉండదు. శరీర రక్షణ వ్యవస్థ తన మెలనోసైట్లనే నాశనం చేస్తుంది. అనుమానం తీరనప్పుడు చిన్న చర్మపు ముక్క తీసి, పలుచని కోతలుగా కోసి, రంగులద్ది చూస్తే అడుగు పొరలో మెలనోసైట్లు ఉండాల్సిన చోట్లు ఖాళీగా కనిపిస్తాయి. ఇది అంటుకునే వ్యాధి కాదు.

మూడోది కుష్టు. ఇందులో మచ్చ పూర్తిగా తెల్లగా మారదు, చుట్టూ ఉన్న చర్మం కంటే వెలిసినట్టు ఉంటుంది, కొన్నిసార్లు ఎర్రబారుతుంది. తరచూ అక్కడ స్పర్శ తగ్గుతుంది. కారణమైన మైకోబాక్టీరియం లెప్రే నరాల్లో కాపురం పెడుతుంది. పిల్లల బుగ్గల మీద వచ్చే పొడి మచ్చల్లాంటివి వీటిలో దేనికీ చెందవు, వాటంతటవే తగ్గుతాయి.

ఒక దానికి శిలీంధ్రాన్ని చంపే మందు, ఒక దానికి రక్షణ వ్యవస్థను అదుపు చేసే చికిత్స, ఒక దానికి నెలల తరబడి యాంటీబయాటిక్స్, ఇంకోదానికి కేవలం ఓపిక. చికిత్సలు ఇంత దూరదూరంగా ఉన్నప్పుడు ఊహ మీద క్రీమ్ రాయడం చీకట్లో రాయి విసరడమే.

పేరు చేసే గాయం

బొల్లిని తెల్ల కుష్టు అనడం తెలుగులో పాత అలవాటు. సంస్కృతంలోని శ్వేతకుష్ఠం నుంచి వచ్చిన ఈ మాట రెండు వైపులా గాయం చేసింది. బొల్లి ఉన్నవారిని లేని అంటువ్యాధి పేరుతో దూరం పెట్టింది. కుష్టు ఉన్నవారికి ఆ మాటతో వచ్చే భయాన్ని ఇంకా పెంచింది. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను వ్యక్తిగత చట్టాల నుంచి పార్లమెంటు తొలగించింది 2019లో మాత్రమే. వెలి భయం ఎంత బలంగా ఉంటే మచ్చను దాచడం అంత ఎక్కువ, వైద్యం అంత ఆలస్యం. ఇలాంటి చోట స్లైడ్ మీద కనిపించిన సాక్ష్యం ఒక కుటుంబానికి ఇచ్చే ఊరట చిన్నది కాదు.

1873: రెండు మలుపులు

కుష్టు శాపమో వంశపారంపర్యమో కాదని, ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని చెప్పడానికి ఆధారం మైక్రోస్కోప్ నుంచే వచ్చింది. నార్వేలోని బెర్గెన్‌లో గెర్హార్డ్ హాన్సెన్ 1873లో రోగుల కణజాలంలో కడ్డీల్లాంటి క్రిములను చూశాడు. అదే ఏడాది జర్మనీలో ఎర్నెస్ట్ అబే మైక్రోస్కోప్ ఎంత చిన్న వివరాన్ని విడదీసి చూపగలదో లెక్క కట్టి ప్రచురించాడు. మామూలు కాంతితో ఆ హద్దు సుమారు 0.2 మైక్రోమీటర్లు. కుష్టు క్రిమి పొడవు 1 నుంచి 8 మైక్రోమీటర్లు ఉన్నా, వెడల్పు మాత్రం మైక్రోమీటరులో మూడో వంతు దరిదాపుల్లోనే. అంటే అది ఆ హద్దుకు కాస్త ఇవతల నిలబడింది. స్లైడ్‌కూ కటకానికీ మధ్య ఒక చుక్క నూనె వేయడం అందుకే. గాజుతో సమానమైన వక్రీభవన గుణకం ఉన్న ఆ నూనె, గాలిలోకి వంగి తప్పిపోయే కాంతిని కటకంలోకి చేరుస్తుంది.

మైక్రోస్కోప్‌కు ఇంత ప్రాధాన్యం ఉండటానికి ఇంకో కారణం ఉంది. హాన్సెన్ తర్వాత నూట యాభై ఏళ్లు గడిచినా ఈ క్రిమిని కృత్రిమ మాధ్యమంలో పెంచడం ఎవరికీ సాధ్యం కాలేదు. చాలా బాక్టీరియాను పళ్లెంలో పెంచి గుర్తిస్తారు. ఇది రెండుగా చీలడానికే దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది, శరీరం బయట అసలు పెరగదు. కాబట్టి నేరుగా చూడటం ఒక ముఖ్యమైన దారిగా నిలిచింది.

ఆ పద్ధతి సులువైనదే, కానీ అలవాటు కావాలి. చెవి తమ్మెనో మచ్చ అంచునో వేళ్లతో గట్టిగా నొక్కి రక్తం లేకుండా చేస్తారు. 5 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి, బ్లేడును అడ్డంగా తిప్పి లోపలి ద్రవాన్ని గీకి స్లైడ్ మీద పూస్తారు. రంగు వేసి, ఆమ్లంతో కడిగి, నీలి రంగు అద్దితే నీలం మీద ఎర్రటి కడ్డీలు కనిపిస్తాయి. వాటిని లెక్కించి 0 నుంచి 6 వరకు అంకె ఇస్తారు. నూరు దృశ్య క్షేత్రాల్లో పది లోపు క్రిములుంటే 1, ఒక్కో క్షేత్రంలోనే వెయ్యికి పైగా ఉంటే 6.

పక్కన పెట్టిన నైపుణ్యం

1990ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కుష్టు చికిత్స మొదలుపెట్టడానికి ఈ పరీక్ష తప్పనిసరి కాదని చెప్పింది. మచ్చలు ఐదు వరకు ఉంటే ఒక తరగతి, అంతకు మించితే ఇంకో తరగతి అని లెక్కపెట్టి మందు ఇవ్వమంది. ఆ నిర్ణయానికి న్యాయమైన కారణాలున్నాయి. చాలాచోట్ల స్లైడ్ల నాణ్యత బాగా లేదు, ప్రయోగశాల లేదన్న సాకుతో రోగికి మందు ఆగిపోకూడదు. లక్షల మందికి మందు చేరడానికి ఆ సరళీకరణ తోడ్పడింది. కానీ తప్పనిసరి కాదన్న మాట క్రమంగా అవసరం లేదన్న అర్థంలోకి జారింది. పరీక్ష చేయకపోతే చేయి మరచిపోతుంది, చూడకపోతే కన్ను మరచిపోతుంది.

దాని మూల్యం ఇలా ఉంటుంది. రెండు మూడు మచ్చలే ఉన్నా లోపల క్రిములు మెండుగా ఉన్న మనిషిని లెక్కల ప్రకారం తేలిక తరగతిలో వేస్తే చాలినంత చికిత్స అందదు. ఒక్క క్రిమి స్లైడ్ మీద కనిపించినా ఆ వర్గీకరణ మారిపోతుంది. చికిత్స ముగిశాక వ్యాధి తిరగబెట్టిందా, లేక శరీరపు ప్రతిచర్య మాత్రమేనా అన్న ప్రశ్నకూ మచ్చల లెక్క జవాబు చెప్పదు.

2005 డిసెంబర్‌లో భారత్ జాతీయ స్థాయిలో ప్రతి 10,000 మందికి ఒకరి కంటే తక్కువ కేసులు అనే లక్ష్యాన్ని అందుకుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ గీతకు పైనే ఉంది. నేటికీ ప్రపంచంలో ఏటా కొత్తగా నమోదయ్యే కుష్టు కేసుల్లో సగానికి పైగా భారత్‌లోవే. 2027 నాటికి వ్యాప్తిని ఆపాలన్నది దేశం పెట్టుకున్న గడువు. కేసులు తగ్గేకొద్దీ మిగిలినవాటిని గుర్తించడం కష్టమవుతుంది, ఎందుకంటే వ్యాధిని తరచూ చూసిన వైద్యులు తగ్గిపోతారు. నైపుణ్యం ఎక్కువ కావాల్సిన దశ ఇది.

మరోవైపు క్రీముల సమస్య ఉంది. స్టెరాయిడ్, శిలీంధ్ర నాశిని, యాంటీబయాటిక్ కలిపిన గొట్టాలు తామరకూ మచ్చకూ దురదకూ ఒకేలా అమ్ముడుపోతాయి. స్టెరాయిడ్ దురదను అణచి తామర రూపాన్ని మార్చేస్తుంది, శిలీంధ్రం లోలోపల పాకుతుంది. స్టెరాయిడే చర్మాన్ని పలచబరచి రంగు తగ్గించగలదు కూడా. 2018లో కేంద్రం ఈ పూత మందులను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. మామూలు మందుకు లొంగని తామర శిలీంధ్రం ఒకటి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అన్న పేరు పొందింది. ఆ పేరులో ఇండియా ఉండటం గర్వించదగ్గ విషయం కాదు. చీటీ రాసే ముందు ఒక పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడ్ చూడటం అలవాటైతే ఈ గొట్టాల్లో చాలా వాటికి పని ఉండదు.

మైక్రోస్కోప్ చెప్పలేనిది

స్లైడ్‌కు లేని శక్తిని అంటగట్టకూడదు. ఒక గ్రాము కణజాలంలో సుమారు 10,000 క్రిములు ఉంటే తప్ప కుష్టు పరీక్షలో అవి కంటపడవు. తొలి దశ రోగుల్లో చాలామందికి స్లైడ్ ఖాళీగానే వస్తుంది. ఖాళీ స్లైడ్‌ను చూసి వ్యాధి లేదనుకోవడం ప్రమాదం. దూదితోనో నైలాన్ దారంతోనో స్పర్శ చూడటం, మోచేయి దగ్గర నరాన్ని తడిమి చూడటం ఎప్పటికీ మొదటి మెట్టు. స్లైడ్ రెండో మెట్టు. ఫోన్ ఫొటోతో మచ్చను గుర్తించే కృత్రిమ మేధ సాధనాలు వస్తున్నాయి, కానీ ఫొటోకు స్పర్శ తెలియదు, చర్మం లోపల ఉన్నదీ కనిపించదు. స్లైడ్‌ను చదివే సాఫ్ట్‌వేర్ రేపు సాయపడవచ్చు. చెడగొట్టిన స్లైడ్‌ను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఉన్నవాటితోనే చేయగలిగినది

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. క్షయ కార్యక్రమం దేశమంతటా ఆరోగ్య కేంద్రాలకు మైక్రోస్కోపులనూ టెక్నీషియన్లనూ ఇచ్చింది. క్షయ క్రిమికీ కుష్టు క్రిమికీ వాడే రంగుల పద్ధతి ఒకే కుటుంబానిది. తేడా కడిగే ఆమ్లంలో ఉంది. కఫం స్లైడ్‌కు వాడే 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం కుష్టు క్రిమికి మరీ ఘాటు, దానికి 5 శాతం చాలు. క్షయ నిర్ధారణ ఇప్పుడు అణు పరీక్షల వైపు మళ్లుతోంది. అలా తీరిక దొరికే మైక్రోస్కోపులను చర్మానికి కేటాయించాలి. వారానికి ఒక రోజు చర్మం స్లైడ్ల కోసం పెడితే చాలు.

శిక్షణ కోసం దూరం పోనక్కర్లేదు. కుమ్హారి నుంచి ఖారున్ దాటితే రాయ్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కుష్టు శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది, ఎయిమ్స్ ఉంది. బయాప్సీ అవసరమైన కేసులు అక్కడికి వెళ్లాలి, అక్కడి నైపుణ్యం ఇక్కడికి రావాలి. ఇంటింటికీ తిరిగే మితానిన్‌లు ఛత్తీస్‌గఢ్‌కు పెద్ద బలం. మచ్చ మీద స్పర్శ చూడటం వారికి నేర్పితే, ఎవరిని స్లైడ్‌కు పంపాలో వడపోత ఊళ్లోనే జరుగుతుంది. వారి మాటల్లో బొల్లి, కుష్టు వేరువేరు పేర్లుగా స్థిరపడితే అదే సగం వైద్యం. చికిత్సలో వాడే క్లోఫాజిమిన్ చర్మాన్ని కొంతకాలం నల్లబరుస్తుందని, మందు ముగిశాక ఆ రంగు మెల్లగా తగ్గుతుందని ముందే చెప్పగలిగేదీ వారే. ఆ మాట వినక మందు మధ్యలో మానేసేవారికి వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది.

పొరుగున ఉన్న భిలాయి దేశానికి రైలు పట్టాలు చేసిచ్చే ఊరు. లోహశాస్త్రంలో ఉక్కు ముక్కను నునుపుగా అరగదీసి, పలచని ఆమ్లం పూసి, దాని రేణువులను మైక్రోస్కోప్ కింద చూడటం పాత పద్ధతి. పైకి మెరిసే ఉక్కు లోపల ఎలా ఉందో అలా చూస్తేనే తెలుస్తుందని ఆ రంగంలో అందరూ ఒప్పుకుంటారు. చర్మం విషయంలో నష్టం ఇంకా పెద్దది. కుష్టు మందు ఆరు నుంచి పన్నెండు నెలల్లో క్రిమిని చంపుతుంది, మందు ఉచితం. కానీ ఆలస్యంగా మొదలైతే చచ్చుబడిన నరం తిరిగి రాదు, ముడుచుకున్న వేళ్లు చాలాసార్లు అలాగే మిగిలిపోతాయి. ఆ ఆలస్యాన్ని తగ్గించగల పరికరం చాలా ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పటికే బల్ల మీద ఉంది. దాని ముందు కూర్చునే మనిషికి శిక్షణ, సమయం ఇవ్వడమే ప్రభుత్వం చేయాల్సిన పని.