వేడిని మోసేది నీరు, దింపేది గాలి

డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ పెట్టించడం ఇప్పుడు ముందుచూపుకు గుర్తుగా చెలామణీ అవుతోంది. బెంగళూరు ఎస్.పి.రోడ్డులో కొత్త సిస్టమ్‌కు కొటేషన్ రాయించుకునే వాళ్లలో చాలామంది ప్రాసెసర్ ఏదో తేల్చుకోకముందే లిక్విడ్ కూలర్ ఖాయం చేసుకుంటారు. పీణ్య పారిశ్రామిక వాడలో ఈ నమ్మకానికి ఇంకో దన్ను ఉంది. అక్కడ ఏ షెడ్డులో చూసినా సీఎన్‌సీ మిషన్ మీద కూలంట్ పారుతూనే ఉంటుంది. ఉక్కును కోసేటప్పుడు పుట్టే వేడినే ద్రవం లాగేస్తుంటే, వేలిగోరంత చిప్ వేడి దానికొక లెక్కా అన్నది వాదన. వినడానికి బాగున్న ఈ వాదన రెండు వేరువేరు పనులను ఒకే గాటన కట్టేస్తోంది. షెడ్డు వెనక డిజైన్ గదిలో ఉండే సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. పీణ్య లాంటి చోట అది ఖర్చుతో పాటు చాకిరీని కూడా పెంచుతుంది. అవసరమైన సందర్భాలు లేకపోలేదు. వాటిని వాట్లలో కొలిచి తేల్చాలి, నమ్మకంతో కాదు.

ముందు కూలంట్ సంగతి. లేత్‌లోనో మిల్లింగ్ మిషన్‌లోనో వాడే కూలంట్ నీటిలో కొద్ది శాతం నూనె కలిపిన ద్రవం. అది నేరుగా టూల్ మొన మీద పడుతుంది. రాపిడి తగ్గిస్తుంది, రజనును కడిగేస్తుంది, వేడిని వెంటబెట్టుకుని కింది ట్యాంకులోకి జారుతుంది. ట్యాంకు పెద్దది కాబట్టి ద్రవం తీరిగ్గా చల్లారుతుంది. స్పిండిల్‌కు చిల్లర్ ఉంటే అందులో ఫ్రిజ్‌లో లాగే కంప్రెసర్ పనిచేస్తుంది. గది వేడి కంటే తక్కువకు కూడా దించగలదు. కంప్యూటర్ లిక్విడ్ కూలర్‌లో పెద్ద ట్యాంకూ చిల్లరూ లేవు. అందులోని ద్రవం చిప్‌ను తాకదు, రాగి పలకను మాత్రమే తాకుతుంది. అది సుమారుగా పావు లీటరు ఉంటుంది, అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కంప్రెసర్ లేదు. కాబట్టి పేరులో ‘కూలర్’ ఉన్నంత మాత్రాన అది ప్రాసెసర్‌ను గదిలోని గాలి కంటే చల్లగా ఉంచలేదు.

వేడి నడిచే దారి చూస్తే విషయం తేటపడుతుంది. చిప్‌లో పుట్టిన వేడి దాని లోహపు మూతలోకి, అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ మీదుగా రాగి పలకలోకి వస్తుంది. ఇక్కడి వరకు అన్ని కూలర్లకూ ఒకటే దారి. లిక్విడ్ కూలర్‌లో ఆ తర్వాత పంపు తోసే నీరు వేడిని గొట్టాల ద్వారా రేడియేటర్‌కు చేరుస్తుంది. ఫ్యాన్లు దాన్ని గాలికి వదిలిపెడతాయి. గాలి కూలర్‌లో ఆ మోత పని హీట్ పైపులది. మూసిన రాగి గొట్టంలో రవ్వంత నీరు ఉంటుంది. వేడి తగిలిన చివర ఆవిరవుతుంది, రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడకున్న సన్నని అల్లిక ఒత్తిలా దాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ హీట్ పైపు పేరుతో రూపుదిద్దిన సాధనమిది. అంటే గాలి కూలర్ అని తీసిపారేస్తున్న దానిలోనూ వేడిని మోసేది నీరే. దాన్ని నడపడానికి మోటారు అక్కర్లేదు, అంతే తేడా. మోసేది ఏదైనా చివరకు బరువు దింపుకోవలసింది గాలిలోనే.

ఆ గాలి సంగతి బెంగళూరులో ఎలా ఉందో చూడాలి. ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి సాంద్రత తీరప్రాంతంతో పోలిస్తే పదో వంతు తక్కువ. 2016 ఏప్రిల్ 24న నగరంలో 39.2 డిగ్రీలు నమోదయ్యాయి. రేకుల కప్పు కింద, మిషన్ల నడుమ గది ఇంకా వేడెక్కుతుంది. ఇవి గాలి కూలర్‌కు మాత్రమే వచ్చిన చిక్కులని లిక్విడ్ పక్షం వాళ్లు అనుకుంటారు. రేడియేటర్ కూడా అదే పలుచని గాలిలోకి, అదే వేడి గదిలోకి తన వేడిని వదలాలి. ఎండాకాలం రెండింటినీ సమానంగానే కొడుతుంది.

నీరు లోహం కంటే ఎక్కువ వేడిని పట్టుకుంటుందన్న మాట నిజమే. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి, అల్యూమినియానికి 0.9, రాగికి 0.39 చాలు. కానీ కూలర్‌లో కిలో నీరు లేదు. పావు లీటరుకు లెక్కగడితే డిగ్రీకి సుమారు ఒక కిలోజౌల్. కిలో బరువున్న అల్యూమినియం రెక్కల కూలర్ పట్టే వేడీ దాదాపు అంతే. 150 వాట్ల ప్రాసెసర్ ఆ పావు లీటరును, వేడి ఎటూ పోలేదనుకుంటే, ఏడు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కిస్తుంది. నీటి ఆసరా నిమిషాల ముచ్చటే అన్నమాట. కొట్లో కొనేవాడి ఎదుట మూడు నిమిషాల పరీక్ష నడిపితే లిక్విడ్ కూలర్ చూపించే అంకె కంటికింపుగా ఉండడానికి కారణం ఇదే. గంటసేపు సాగే క్యామ్ సిమ్యులేషన్‌లో ఆ ముచ్చట తీరిపోతుంది. ఆపైన లెక్కకొచ్చేది రేడియేటర్ వైశాల్యం, ఫ్యాన్ల గాలి మాత్రమే.

గాలికి ఎంత మోసే శక్తి ఉందో కూడా లెక్క కట్టవచ్చు. బెంగళూరు గాలి పది డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే, 100 వాట్లను తీసుకుపోవడానికి గంటకు సుమారు 33 ఘనపు మీటర్ల గాలి చాలు. అడ్డేమీ లేనప్పుడు మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కటే దీనికి రెట్టింపు కంటే ఎక్కువ తోస్తుంది. రెక్కల అడ్డంతో కొంత తగ్గినా మామూలు ప్రాసెసర్‌కు లోటు రాదు.

ఇక ప్రాసెసర్ల వాట్లు. ఇంటెల్ కోర్ ఐ5-13400 మామూలు స్థాయి 65 వాట్లు, గరిష్ఠం 148. ఏఎండీ రైజెన్ 5 7600 పూర్తి భారం మీద కూడా 88 వాట్లు దాటకుండా పరిమితి ఉంది. వీటికి నాలుగు హీట్ పైపుల ఒంటి టవర్ కూలర్ సరిపోతుంది. మరో కొసన కోర్ ఐ9-14900కే 253 వాట్ల వరకు, రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల వరకు లాగుతాయి. ఇవి వేరే జాతి. పీణ్యలో జాబ్ వర్క్ తీసుకునే యూనిట్‌లో సాలిడ్‌వర్క్స్ మీద పార్ట్ గీసే సిస్టమ్ ఈ రెండో జాతిది కావడం అరుదు. ఒకవేళ అయినా అది పనిచేసే తీరు వేరు: మోడలింగ్ ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది, మిగతా కోర్లు ఖాళీగా ఉంటాయి, ప్రాసెసర్ తన గరిష్ఠ వాట్ల దరిదాపులకు కూడా పోదు. అలాంటి దానికి మూడు ఫ్యాన్ల రేడియేటర్ తగిలించడం అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాణ్ణి పెట్టడమే.

లిక్విడ్ మోజుకు ఉష్ణోగ్రత అంకె మీద భయం మరో మూలకారణం. ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపగానే మనిషికి జ్వరం వచ్చినంత కంగారు పడతారు. ఐ9-14900కేకు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 వరుసలోని 7950ఎక్స్ లాంటివి పూర్తి భారం మీద 95 దగ్గర నడిచేలాగే తయారయ్యాయని ఏఎండీయే చెప్పింది. హద్దు తాకితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. హద్దుకు బాగా లోపల 62 ఉన్నా 74 ఉన్నా డ్రాయింగ్ తెరుచుకునే వేగంలో పనివాడికి తేడా తెలియదు. పైగా ఈ రైజెన్ చిప్‌లలో లెక్కలు చేసే ముక్క ఒక్కొక్కటి సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే. అంత ఇరుకు చోటు నుంచి వేడి మూత దాటి రావడమే అసలు ఇబ్బంది. ఆవల ఎంత నీరు తిప్పినా ఆ ఇరుకు తీరదు.

కొన్నిసార్లు వేడికి కారణం కూలర్ కాదు, మదర్‌బోర్డు అమరిక. ప్రాసెసర్ కంపెనీ చెప్పిన వాట్ల హద్దును కొన్ని బోర్డులు తామే ఎత్తేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి ఆ హద్దు మళ్లీ పెడితే పైసా ఖర్చు లేకుండా వేడి దిగుతుంది. రైజెన్లలో ఎకో మోడ్ ఈ పనికే ఉంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు కొన్ని కుప్పకూలినప్పుడు కంపెనీ తేల్చిన కారణం మితిమీరిన వోల్టేజీ. విడుదల చేసిన మందు మైక్రోకోడ్. పెద్ద రేడియేటర్ ఆ జబ్బుకు మందు కాదు.

పీణ్యకు ప్రత్యేకమైన శత్రువు దుమ్ము. మామూలు ఇంటి దుమ్ము పొడిగా రాలుతుంది. ఇక్కడి గాలిలో గ్రైండింగ్ పొడి, పోత ఇనుము కోసినప్పుడు లేచే నల్లటి మెత్తని ధూళి, కూలంట్ తుంపరల నూనె తేమ కలిసి ఉంటాయి. ఆరు నెలలు నడిచిన రేడియేటర్ నుంచి ఫ్యాన్ ఊడదీస్తే కనిపించేది రెక్కలు కాదు, వాటి మీద చాపలా పేరుకున్న బూడిదరంగు పొర. వేలితో గీస్తే జిడ్డుగా చుట్టలు చుట్టుకుని వస్తుంది. బ్లోయర్ పెట్టి ఊదితే పైపొర లేస్తుంది, సందుల్లోది లోపలికి దిగుతుంది. రేడియేటర్ రెక్కలు ముడతలు పెట్టిన పలుచని రేకులు, దగ్గరదగ్గరగా ఉంటాయి. బ్రష్ కాస్త గట్టిగా తగిలితే మడత పడతాయి. టవర్ కూలర్ రెక్కల మధ్య ఎడం ఎక్కువ. రెండు క్లిప్పులు తీసి ఫ్యాన్ పక్కన పెడితే ఇటు నుంచి చూస్తే అటు వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే మెత్తని బ్రష్‌తో పావుగంట పని.

తర్వాతిది అరుగుదల. గాలి కూలర్‌లో కదిలేది ఫ్యాన్ ఒక్కటే. అది పోతే ఏ దుకాణంలోనైనా మరొకటి దొరుకుతుంది. అంతవరకు క్యాబినెట్ ఫ్యాన్ గాలితో తేలిక పనులు నెట్టుకురావచ్చు. లిక్విడ్ కూలర్‌లో ఫ్యాన్లతో పాటు పంపు ఉంది. పంపు ఆగితే ప్రాసెసర్ నిమిషాల్లో హద్దు తాకుతుంది, ఎక్కువ మోడళ్లలో మొత్తం కూలర్ మార్చాలి. గొట్టాల గోడల గుండా నీటి ఆవిరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోతుంది. ఆ మేరకు లోపల గాలి చేరుతుంది. రేడియేటర్‌ను పంపు కంటే కిందికి బిగిస్తే ఆ బుడగలు పంపులోనే తిష్ఠ వేసి గలగలమంటాయి, పంపు ఆయుష్షు తగ్గుతుంది. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీటిలో ఉంటే లోహం తినుకుపోతుంది. దాన్ని ఆపే రసాయనాలు నీటిలో కలిపినా అవి శాశ్వతం కావు.

కారడం అరుదు, కానీ కట్టుకథ కాదు. యాపిల్ 2004లో రెండు 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ల పవర్ మ్యాక్ జీ5ను ద్రవంతో చల్లార్చే ఏర్పాటుతో తెచ్చింది. ఏళ్లు గడిచాక వాటిలో కారినవి ఉన్నాయి. 2006లో ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన మ్యాక్ ప్రో మళ్లీ గాలి దారి పట్టింది. వేడి తక్కువ పుట్టే ప్రాసెసర్ దొరకడంతో నీటి అవసరమే తీరిపోయింది.

ఎదుటి పక్షం ఈ మధ్య డేటా సెంటర్లను చూపిస్తోంది. ఎన్విడియా జీబీ200 ఎన్‌వీఎల్72 ర్యాక్ ఒక్కటే 120 కిలోవాట్ల స్థాయిలో విద్యుత్తు లాగుతుంది, దాన్ని ద్రవంతోనే చల్లారుస్తారు. నిజమే. అక్కడ బీరువా అంత చోటులో అంత వేడి పుడుతుంది. దాని వెనక పెద్ద నీటి వ్యవస్థ, రాత్రింబవళ్లు కాపలా కాసే సిబ్బంది ఉంటారు. బల్ల కింద క్యాబినెట్‌లో 100 వాట్లకు అది పోలిక కాదు.

లిక్విడ్ కూలర్ నెగ్గే చోట్లు ఇవి. అన్ని కోర్లూ గంటల తరబడి 200 వాట్లకు పైగా లాగే పనులు: రెండరింగ్, బలాల విశ్లేషణ వంటివి. పొడవైన టవర్ పట్టని ఇరుకు క్యాబినెట్లు. పేరున్న టవర్ కూలర్ నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో బరువు 1,320 గ్రాములు. తరచూ ఊరూరు తిరిగే సిస్టమ్‌లు. అంత బరువు మదర్‌బోర్డు మీద వేలాడుతూ ప్రయాణించడం మంచిది కాదు.

కాబట్టి ఎంపికకు వరస ఉంది. మొదట ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు, రోజువారీ పనిలో అది నిజంగా లాగే వాట్లు చూడాలి. రెండోది బయాస్‌లో హద్దు. మూడోది క్యాబినెట్‌కు గాలి వచ్చే దారి, పోయే దారి, ముందు కడిగి పెట్టుకోదగ్గ వల. ఇవి సరిచేశాక 150 వాట్ల లోపుకు ఒంటి టవర్, దానికి పైన 200 దాకా జంట టవర్. అది దాటితేనే లిక్విడ్. అదీ 280 లేదా 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌తో. 120 మిల్లీమీటర్ల రేడియేటర్ ధర ఎక్కువైనా ఫలితంలో మంచి టవర్‌ను మించదు. లిక్విడ్ తీసుకుంటే రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తున ఉండాలి. పంపుకు పూర్తి వోల్టేజీ అందే పిన్‌లు వాడాలి, ప్రాసెసర్ సాకెట్‌కు తగిన బిగింపు పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలి. వారంటీ కాలం తీరేనాటికి మార్పు ఖర్చు పక్కన పెట్టుకోవాలి. పీణ్యలోనైతే రేడియేటర్ శుభ్రానికి నెలకొక రోజు షెడ్డు మెయింటెనెన్స్ చార్టులో, మిషన్ కూలంట్ మార్పు పక్కనే, రాసిపెట్టుకోవాలి.